'లేదు' వేరు, 'దొరకలేదు' వేరు



పోయిన భాగంలో ఎఫ్ఐఆర్ భాష గురించి రాశాను. ఈసారి పంచనామా గురించి రాస్తానన్నాను. అది వచ్చే భాగానికి పోయింది. రెండు నెలల కిందట నా దగ్గరికొచ్చిన ఒక కాగితం నన్ను నాకు తెలియని దారిలోకి లాక్కుపోయింది, అందుకని.

తెచ్చింది నా పాత విద్యార్థి. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివాడు, ఇప్పుడు లా రెండో ఏడాది. వాళ్ల పిన్నిది తాటాకు పాక. వాన కురవకుండా పైన నీలం టార్పాలిన్ పట్టా కప్పుకున్నారు. ఇంటిల్లిపాదీ బంధువుల పెళ్లికి పోయిన రాత్రి ఆ పాక కాలిపోయింది. మనుషులు దక్కారు. కట్టేసిన రెండు మేకలు, ఏడాది తిండిగింజలు, పెద్ద పిల్ల సర్టిఫికెట్లు పోయాయి. అంతకు మూడు వారాల ముందు శ్మశానం దారి గురించి ఊళ్లోవాళ్లతో గొడవ జరిగింది. "మీ పాకలు ఎంతసేపురా" అన్న మాట నలుగురి ముందు వచ్చింది. ఆ మాట మీద స్టేషన్‌లో ఫిర్యాదు కూడా ఉంది.

ఆ తమ్ముడు తెచ్చింది ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు జిరాక్సు. ఒక పేజీ, మూడు శాంపిళ్లు, ఇంగ్లీషు. పంపిన నమూనాల్లో పెట్రోలియం హైడ్రోకార్బన్ల అవశేషాలు కనిపించలేదు అన్నది దాని సారాంశం. వెనక పిన్ను కొట్టి పోలీసుల తుది నివేదిక ఉంది. అది తెలుగులో ఉంది. అందులో ఇదే వాక్యం ఇలా అయింది: పెట్రోలు గానీ కిరోసిన్ గానీ పోయలేదని ఫోరెన్సిక్ నివేదిక ద్వారా రుజువైనది, పొయ్యిలో నిప్పు సరిగా ఆర్పనందున ప్రమాదం జరిగినది. కేసు 'మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్' కింద మూసేయమని కోర్టుకు రాశారు.

నేను చదివింది తెలుగు సాహిత్యం. పీహెచ్‌డీ దానిలోనే. కెమిస్ట్రీ ఇంటర్మీడియట్‌తో ఆపేశాను. కానీ ఈ రెండు కాగితాల మధ్య ఏదో జరిగిందని పట్టుకోడానికి కెమిస్ట్రీ అక్కర్లేదు. 'దొరకలేదు' అన్న మాట 'లేదు'గా మారింది. 'లేదు' ఇంకో అడుగు వేసి 'పోయలేదు' అయింది. తాళంచెవి దొరకలేదంటే తాళంచెవి లేదని అర్థం కాదని మన ఇళ్లలో మూడేళ్ల పిల్లకి కూడా తెలుసు. ఎక్కడ వెతికావు, ఎంతసేపు వెతికావు, దీపం వేసుకుని వెతికావా చీకట్లో వెతికావా అని అడుగుతాం.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మొదట్లో ఒక మీటింగులో నేను మైకు పట్టుకుని "ఇది మనువాద ల్యాబు రిపోర్టు" అనేశాను. చప్పట్లు పడ్డాయి. ఆ రిపోర్టును మా కాలేజీ కెమిస్ట్రీ సార్‌కి చూపించాక సిగ్గేసింది. ల్యాబులో కూర్చున్న మనిషి తన ముందుకొచ్చిన డబ్బాలో తను చూసింది చూసినట్టు రాశాడు. అంతకుమించి ఒక్క మాట రాయలేదు. మనకి ఎదురుతిరిగిన వాక్యం ఆయనది కాదు, ఆ వాక్యాన్ని చదివినవాళ్లది. ఈ తేడా పట్టుకోకపోతే మనం కొట్టే దెబ్బ వేరేచోట పడుతుంది.

ల్యాబులో జరిగేది సార్ చెప్పినట్టే చెప్తాను. కాలిన మట్టి, బూడిద, కర్ర ముక్కలు గాలి చొరబడని డబ్బాలో రావాలి. ఆ డబ్బాలో చిన్న బొగ్గు పట్టీ వేలాడదీసి కొన్ని గంటలు సన్నగా వేడిచేస్తారు. శిథిలాల్లో మిగిలిన ఆవిరి ఆ పట్టీకి అంటుకుంటుంది. దాన్ని ద్రావకంతో కడిగి గ్యాస్ క్రొమటోగ్రఫీ–మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రంలోకి పంపుతారు. కాగితం మీద శిఖరాలు శిఖరాలుగా గీత వస్తుంది. పెట్రోలుకి ఒక రూపం ఉంటుంది. కిరోసిన్‌ది దువ్వెన పళ్లలా సమాన దూరంలో లేచే గీత. అనుభవం ఉన్న కన్ను చూసి గుర్తుపడుతుంది.

అయితే కాలడం అంటే వస్తువు విరిగి వేరే వస్తువులు పుట్టడం కూడా. టార్పాలిన్ పట్టా పాలిథీన్. అది మండినప్పుడు అదీ దువ్వెన పళ్లలాంటి గీతే ఇస్తుంది. కాకపోతే ఒక్కో పన్ను దగ్గర రెండు మూడు సన్న పళ్లు గుంపుగా ఉంటాయి. ఎక్కువ మోతాదు ఉంటే తేడా తెలుస్తుంది. నాలుగు రోజుల తర్వాత, నీళ్లలో తడిసి, చిటికెడు మిగిలినచోట అంత తేలిక కాదు. పురుగుమందు డబ్బా కాలినా అంతే, చాలా మందుల్ని పెట్రోలియం ద్రావకాల్లోనే కలుపుతారు. ఇక మట్టి సంగతి మరీ విచిత్రం. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు హైడ్రోకార్బన్లని తినేస్తాయి. డబ్బా కట్టాక కూడా, ల్యాబు బీరువాలో వరసలో ఎదురుచూస్తున్నంతకాలం తింటూనే ఉంటాయి. సాక్ష్యాన్ని తినేవాళ్లు బయటే కాదు, డబ్బాలోనూ ఉంటారన్నమాట.

ఇక్కడే లెక్క కావాలి. మా స్టాటిస్టిక్స్ మేడమ్ ఒకే ఒక్క మాట నేర్పింది. సాక్ష్యాన్ని ఒక ప్రశ్నతో తూచకూడదు, రెండు ప్రశ్నలతో తూచాలి. నిజంగా పోసి తగలబెట్టి ఉంటే ఇలాంటి రిపోర్టు వచ్చే అవకాశం ఎంత? పోయకుండా ప్రమాదంగా కాలి ఉంటే ఇదే రిపోర్టు వచ్చే అవకాశం ఎంత? మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే సాక్ష్యం బరువు. దీన్నే లైక్లీహుడ్ రేషియో అంటారు. ఒకటికి చాలా ఎక్కువైతే సాక్ష్యం మొదటి కథవైపు, చాలా తక్కువైతే రెండో కథవైపు. ఒకటి చుట్టుపక్కలే తిరిగితే ఆ సాక్ష్యం ఎటూ మొగ్గలేదు. యూరప్‌లో ఫోరెన్సిక్ ల్యాబుల సంఘం 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు నిపుణులని ఈ పద్ధతిలోనే అభిప్రాయం చెప్పమంటాయి.

పిన్ని పాకకి వద్దాం. ఈ అంకెలు నేను లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి, ఏ ల్యాబువీ కావు. నూరు పాకలు పెట్రోలు పోసి తగలబెట్టినవి, నూరు పాకలు ప్రమాదంగా కాలినవి అనుకోండి. శిథిలాల మీద ఫైరింజను నీళ్లు పడ్డాయి. శాంపిల్ నాలుగో రోజున తీశారు. కిరాణా కొట్టు పాలిథీన్ కవర్లో మూటకట్టారు (పిన్ని కేసులో ఇవన్నీ జరిగాయి, పంచనామాలోనే ఉంది). అలాంటి స్థితిలో పోసిన నూరింటిలో నలభైలో మాత్రమే పెట్రోలు దొరికి, అరవైలో దొరకలేదనుకుందాం. పోయని నూరింటిలో తొంభై ఐదులో దొరకదు. అంటే 'దొరకలేదు' రిపోర్టులు మొత్తం 155. వాటిలో 60 తగలబెట్టినవే. నూటికి 39. రిపోర్టు రాకముందు సగం సగం అనుకున్నవాడు, రిపోర్టు చూశాక యాభై నుంచి ముప్ఫై తొమ్మిదికి దిగాలి. అంతే. సున్నాకి కాదు.

ఇప్పుడు అదే రాత్రి నిపుణుడు వచ్చి, మూత బిగిసే లోహపు డబ్బాలో శాంపిల్ తీసుకుని, వారంలోపు పరీక్ష చేశారనుకోండి. అప్పుడు పోసిన నూరింటిలో తొంభైలో దొరుకుతుంది, పదిలో దొరకదు. 'దొరకలేదు' రిపోర్టులు 105. అందులో తగలబెట్టినవి పది. అప్పుడా మాటకి నిజంగా బరువుంది. నేనే వెళ్లి పిన్నితో "అమ్మా, ఇది ప్రమాదమే కావచ్చు" అని చెప్పాల్సి వస్తుంది.

ఒకే వాక్యం, రెండు బరువులు. శాంపిల్ తీసినవాడి చేతిలోనే ఆ బరువు తయారైంది. నాలుగు రోజులు ఆలస్యం చేసినవాడు, చిల్లుల సంచిలో మూటకట్టినవాడు, చివరికి "దొరకలేదు కదా" అని కేసు మూసినవాడు ఒక్కడే అయినప్పుడు, ఆ నిర్లక్ష్యం వాడికి లాభంగా మారకూడదు కదా? రెండు ప్రశ్నల లెక్కలో అది లాభంగా మారదు. నిర్లక్ష్యం ఎంత పెరిగితే 'దొరకలేదు' అన్న మాట అంత తేలికైపోతుంది. ఈ లెక్క మీద నాకు ఇష్టం పుట్టింది ఇక్కడే.

ఇప్పుడు మనవాళ్లకి రుచించని సంగతి. రిపోర్టులో "కిరోసిన్ దొరికింది" అని వచ్చుంటే ఏం చేసేవాళ్లం? ధర్నా చేసేవాళ్లం. కానీ కిరోసిన్ స్టవ్వు, అర లీటరు సీసా ఉన్న పాక ప్రమాదంగా కాలినా శిథిలాల్లో కిరోసిన్ దొరుకుతుంది. పోసిన నూరింటిలో ఎనభైలో, పోయని నూరింటిలో డెబ్భైలో దొరికితే, దొరికిన 150లో తగలబెట్టినవి 80. నూటికి 53. యాభై దగ్గర మొదలై యాభై మూడు దగ్గర ఆగాం. దాని మీద ఒక మనిషిని యావజ్జీవం జైల్లో పెట్టమని అడగలేం. మన చట్టంలో సెక్షన్ 3, సబ్ సెక్షన్ 2, క్లాజు నాలుగు కింద దళితుల నివాసాన్ని నాశనం చేసే ఉద్దేశంతో నిప్పు పెడితే శిక్ష యావజ్జీవమే. అంత బరువైన శిక్ష అడిగేటప్పుడు అంత బరువైన సాక్ష్యం కూడా తేవాలి.

'దొరికింది' అన్న మాట తప్పుగా చదివితే ఏమవుతుందో అమెరికాలో చూశాం. టెక్సాస్ రాష్ట్రం కోర్సికానాలో 1991 డిసెంబర్ 23న ఒక ఇల్లు కాలి ముగ్గురు ఆడపిల్లలు చనిపోయారు. రెండేళ్ల పాప, ఏడాది కవలలు. తండ్రి కామరన్ టాడ్ విల్లింగ్‌హామ్ పనిలేని పేద తెల్లవాడు. నేల మీద కాలిన మచ్చల ఆకారం చూసి, అద్దం పగుళ్లు చూసి, ద్రవం పోసి తగలబెట్టాడని ఫైర్ అధికారులు సాక్ష్యం చెప్పారు. ల్యాబుకి పంపిన శాంపిళ్లలో ఒక్కదానిలోనే మండే ద్రవం దొరికింది, వాకిలి గడప దగ్గర. ఆ వాకిలి వసారాలో బొగ్గుల గ్రిల్ పొయ్యి ఉండేది. బొగ్గులు రాజేయడానికి వాడే ద్రవం అక్కడ ఉండటంలో వింత లేదు. అంటే ప్రమాదమైనా ఆ గడపలో ఆ ద్రవం దొరికేదే. రెండో ప్రశ్న జ్యూరీ ముందు ఎవరూ గట్టిగా అడగలేదు. 2004 ఫిబ్రవరి 17న అతన్ని చంపేశారు. ఆ రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ కమిషన్ నియమించిన నిపుణుడు క్రెయిగ్ బేలర్ 2009లో, తగలబెట్టాడనడానికి శాస్త్రీయ ఆధారం లేదని రిపోర్టు ఇచ్చాడు. ఐదేళ్లు ఆలస్యం.

పేదవాడు బాధితుడైతే 'దొరకలేదు'ని ఇనుప గుండులా వాడతారు. పేదవాడు నిందితుడైతే 'దొరికింది'ని అలాగే వాడతారు. అందుకే మనకి అనుకూలమైనప్పుడు ఒక తక్కెడ, కానప్పుడు ఇంకో తక్కెడ పట్టుకోకూడదంటున్నాను. రేపు మన వాడ పిల్లాడే నిందితుల బోనులో నిలబడొచ్చు.

ఇంతవరకూ చదివి కొందరికి అనుమానం వచ్చి ఉంటుంది: అంకెలు వేస్తే కులం పోతుందా మేడమ్? పోదు. అయితే అది ఎక్కడ కూర్చుందో కనబడుతుంది.

పైన సగం సగం దగ్గర మొదలుపెట్టాం, గమనించారా? అది సాక్ష్యం రాకముందు మనసులో ఉన్న అంచనా. దాన్ని ల్యాబు ఇవ్వదు. శ్మశానం దారి గొడవ, నలుగురి ముందు బెదిరింపు, దాని మీద ఫిర్యాదు, ఇవన్నీ చూసినవాడు నూటికి ఎనభై తగలబెట్టే ఉంటారని మొదలుపెట్టొచ్చు. అదే రిపోర్టు తర్వాత వాడు డెబ్భై రెండు దగ్గర ఉంటాడు. "ఈళ్లు తామే తగలబెట్టుకుని పరిహారం అడుగుతారు" అనుకునే అధికారి పది దగ్గర మొదలవుతాడు. అదే రిపోర్టుతో ఏడుకి దిగుతాడు. రిపోర్టు ఇద్దరికీ ఒకటే. రిపోర్టు రాకముందే తీర్పు చాలామట్టుకు అయిపోయింది. కానీ నివేదికలో "నా నమ్మకం ప్రకారం" అని రాయరు, "ఫోరెన్సిక్ ద్వారా రుజువైనది" అని రాస్తారు.

కీళ్‌వెణ్మణి గుర్తు తెచ్చుకోండి. 1968 డిసెంబర్ 25 రాత్రి, అప్పటి తంజావూరు జిల్లా. కూలి పెంచమన్నందుకు 44 మంది దళితుల్ని, ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలూ, ఒక గుడిసెలో కాల్చి చంపారు. కింది కోర్టు వేసిన శిక్షలు మద్రాసు హైకోర్టులో నిలవలేదు. అంత భూములున్న ధనవంతులు, ఒకరికైతే కారు కూడా ఉన్న మనుషులు, పనివాళ్లని పంపకుండా తామే నడిచొచ్చి ఇళ్లకి నిప్పు పెట్టారంటే నమ్మడం కష్టం అన్నది ఆ తీర్పులోని తర్కం. అక్కడ రసాయన పరీక్ష ఊసే లేదు. అది అచ్చంగా ముందు అంచనా. కారున్నవాడు నేరం చేయడు అనే అంచనా. న్యాయమూర్తి దాన్ని దాచుకోకుండా రాశాడు కాబట్టి ఇన్నేళ్లుగా మనం దాన్ని వేలెత్తి చూపగలుగుతున్నాం. ఇవాళ్టి అధికారి దాన్ని ల్యాబు రిపోర్టు వెనక దాస్తున్నాడు. రెండింటినీ విడదీసి, ల్యాబు చెప్పింది ఇంత, మిగతాది నీ అంచనా, దానికి నీ ఆధారమేంటి అని అడగడానికే ఈ లెక్క నేర్చుకోమంటున్నాను.

అంకె అనగానే దండం పెట్టమనడం లేదు. ఇంగ్లండులో శాలీ క్లార్క్ అనే తల్లి ఇద్దరు పసిపిల్లలు ఒకరి తర్వాత ఒకరు చనిపోతే, సహజంగా అలా జరిగే అవకాశం 7.3 కోట్లలో ఒకటని ఒక డాక్టర్ కోర్టులో చెప్పాడు. 1999లో ఆమెకు శిక్ష పడింది, 2003లో గానీ బయటికి రాలేదు. మిగతా తప్పులు అలా ఉంచి, ఆయన ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పాడు. తల్లే ఇద్దరినీ చంపే అవకాశం ఎంత అరుదన్న రెండోది అడగలేదు. ఒంటి అంకె ఒంటి సాక్షి కంటే ప్రమాదం, దానికి ముఖం ఉండదు.

మరి నా నలభై, తొంభై ఊహలే కదా, నిజం అంకెలెక్కడివి? సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మైకేల్ సిగ్మన్ బృందం ఈ పనే చేస్తోంది. మండే ద్రవాలు వందల రకాలవి ఒక సంగ్రహంగా పెట్టారు. తివాచీలు, ఫోమ్, కర్ర, ప్లాస్టిక్ వంటివి విడిగా కాల్చి వాటి గీతలూ దాచారు. కంప్యూటర్లో రెండింటినీ రకరకాల పాళ్లలో కలిపి, వేల నమూనా శిథిలాలు తయారుచేసి, ద్రవం ఉన్నవీ లేనివీ విడదీయడం యంత్రానికి నేర్పారు. తర్వాత నిజంగా కాల్చిన శిథిలాలతో పరీక్షించారు. ఎన్నిసార్లు ఉన్నదాన్ని ఉందంది, ఎన్నిసార్లు లేనిదాన్ని ఉందంది, లెక్క బయటపెట్టారు. తప్పు చేసే రేటు చెప్పి మరీ సాక్ష్యం చెప్పడం అంటే అది.

కానీ ఆ కాల్చినవి అమెరికా ఇంటి సామాన్లు. మన తాటాకు, రెల్లు, వెదురు, పేడతో అలికిన నేల, నీలం పట్టా, యూరియా సంచుల దడి, వీటిని కాలిస్తే ఏ గీత వస్తుందో ఎవరు లెక్కగడతారు? రెండో ప్రశ్నకి జవాబు మన పాకల బూడిదలో ఉంది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలు వందలమంది ఉన్నారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ప్రాజెక్టుకి టాపిక్ దొరకలేదని నాకు మెసేజ్ చేస్తారు కదా, ఇదిగో టాపిక్. మూడు నెలల పని. మీ గైడు ఒప్పుకోకపోతే నాకు చెప్పండి, మా కెమిస్ట్రీ సార్ మాట్లాడతానన్నారు.

చట్టం వైపు నుంచి చేయగలిగింది కూడా ఉంది. ప్రభుత్వ ల్యాబు నిపుణుడి రిపోర్టుని ఆయన కోర్టుకి రాకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు. పాత సీఆర్‌పీసీలో 293, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 329. చాలామంది అక్కడితో ఆగిపోతారు. అదే సెక్షన్‌లో, కోర్టు తలుచుకుంటే ఆ నిపుణుణ్ని పిలిపించి విచారించవచ్చని కూడా ఉంది. పిలిపించమని అడగండి. ఆయన శత్రువు కాదు. నాలుగు రోజుల తర్వాత, పాలిథీన్ సంచిలో వచ్చిన మట్టిలో పెట్రోలు దొరక్కపోవడం మామూలేనా అని అడిగితే, నిజాయితీ ఉన్న ఏ కెమిస్టయినా మామూలేనంటాడు. ఆ ఒక్క జవాబుతో 'రుజువైనది' అన్న మాట పడిపోతుంది. ఇంకోటి, కొత్త సంహిత 176(3) ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలి, వీడియో తీయించాలి. అమలుకి రాష్ట్రాలకి ఐదేళ్ల గడువిచ్చారు, అది వేరే బాధ. అయినా ఇల్లు కాలిన రాత్రే ఈ సెక్షన్ పేరు చెప్పి అడగండి. రాకపోతే అడిగినట్టు కాగితం మీద ఉంచండి. పాక మీద నీళ్లు పోసిన టైము, శాంపిల్ తీసిన టైము, దేనిలో కట్టారో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

పోయిన ఆదివారం మేం ముగ్గురం, నేనూ తమ్ముడూ కెమిస్ట్రీ సారూ, పిన్ని దగ్గరికి వెళ్లాం. ప్రొటెస్ట్ పిటిషన్‌కి ముందు సార్‌కి ఒక జాబితా కావాలి, ఆ రోజు పాకలో ఏమేం ఉన్నాయో. పంచనామాలో 'కాలిన ఇంటి సామాను' అని రెండు మాటలే ఉన్నాయి. ఆమె మొదట జంకింది. "కిరసనాయిలు ఉందంటే కేసు మనమీదకి తిరుగుద్దేమో టీచరమ్మా" అంది. ఉన్నది ఉన్నట్టే చెప్పమన్నాం. అర లీటరు సీసా, అడుగున రెండు వేళ్ల మందం. ఆయన పత్తి చేలో కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బా. పట్టా, పోయినేడు కొన్నది. రెండు యూరియా సంచుల బట్టలు. ప్లాస్టిక్ బిందెలు నాలుగు. పొయ్యి పాకలో కాదు, బయట చెట్టు కింద, పాకకి పది అడుగుల దూరాన. ఇది విని సార్ తలెత్తాడు. పొయ్యి ఎక్కడుందని ఇంతవరకూ ఎవరైనా అడిగారా అంటే, లేదంది.

పిటిషన్ సోమవారం వేస్తున్నారు. వచ్చే భాగం పంచనామా మీదే.